గెలిచిన రోజు ఓడిన వార్త

ఆ శనివారం పొద్దున మార్లిస్ హోవ్‌ల్యాండ్ వేసుకున్న పథకం బహు చిన్నది. ఓట్స్ జావ తాగాలి, బూడిదరంగు కోటు తొడుక్కోవాలి, పార పుచ్చుకుని కారు ముందున్న మంచు ఎత్తిపోయాలి, ఒంటిగంటకల్లా కాలేజీ స్టేడియంలో కూర్చోవాలి, ఆట చూడాలి, చూసింది రాయాలి. పంతొమ్మిదేళ్ళుగా ఆమె చేస్తున్నది ఇదే. ఆల్డర్ స్టేట్ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు పేరు కొంగలు. ఆ కొంగల అభిమానుల కోసం, అభిమానుల చందాలతో నడిచే ‘కొంగలగూడు’ అనే వెబ్ పత్రికకు ఆమె విలేఖరి.

అభిమానుల పత్రికలో అభిమానం లేకుండా రాయడం ఆమె వ్రతం. కొంగల రంగు ఆకుపచ్చ గనక ఆమె బీరువాలో ఆకుపచ్చ గుడ్డ ఒక్కటి ఉండదు. ఎదుటి ఊరి బ్రాంట్ టెక్ తోడేళ్ళ రంగు ఎరుపు, కాబట్టి ఎరుపూ ఉండదు. మిగిలింది బూడిదరంగు, చలి మరీ ముదిరితే దాని మీద ఇంకో బూడిదరంగు. ‘మన కుర్రాళ్ళు’, ‘మనం గెలిచాం’ లాంటి మాటలు ఆమె వార్తల్లో భూతద్దం పెట్టి వెతికినా దొరకవు. గెలిస్తే ఎలా గెలిచారో రాస్తుంది, ఓడితే ఎందుకు ఓడారో రాస్తుంది. పాఠకులు ఆమెను ముద్దుగా మంచుగడ్డ అంటారు, ముద్దు లేనప్పుడు ఇంకా చాలా అంటారు.

వంటింట్లో మొగుడు అర్లిన్ తలకాయ నుంచి మేజోళ్ళ దాకా ఆకుపచ్చగా నిలబడి ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఊళ్ళో ఆఖరి ఆట అయ్యాక జట్టుకు చర్చి నేలమాళిగలో భోజనం పెట్టడం ఆల్డర్ ఆనవాయితీ, అక్కడ మాంసం, బంగాళాదుంపలు కలిపి కాల్చే హాట్‌డిష్ బాధ్యత ఈ ఏడు ఇతనిది.

"పదకొండేళ్ళయింది బ్రాంట్ వాళ్ళని కొట్టి. ఇవాళ కొడితే జాతీయ పోటీకి వెళ్తాం. నీకు లోపల ఏమీ అనిపించట్లేదా మార్లిస్?" అన్నాడు.

"మంచు ఇంకో జానెడు పడేలా ఉందనిపిస్తోంది," అంది మార్లిస్.

అంతలో ఫోను మోగింది. పత్రిక యజమాని డ్వేన్ ఓస్టర్. పత్రికతో పాటు ఊళ్ళో టైర్ల కొట్టు కూడా అతనిదే, రెంటినీ ఒకే గొంతుతో నడుపుతాడు.

"మార్లిస్ గారూ, సూటిగా చెప్పేస్తాను, ఏమీ అనుకోకండి. చందాదార్లు నా ప్రాణం తీస్తున్నారు. పోయినసారి ముప్ఫై పాయింట్ల తేడాతో గెలిస్తే మీరు మన కోచ్ టైమౌట్లు దండగ చేశాడని రాశారు!"

"దండగ చేశాడు కదా."

"చేశాడండీ! చేస్తే మాత్రం మనమే రాసుకోవాలా? ఇవాళ కాస్త ప్రేమగా రాయండి. ఒక్క ‘మనం’ పడినా చాలు. లేదంటే సోమవారం నుంచి మీ కుర్చీ ట్రెంట్‌కి ఇవ్వక తప్పదు. మొహానికి రంగేసుకుని వస్తాడే, ఆ ట్రెంట్."

"చూసింది రాస్తాను డ్వేన్. కుర్చీ నీది, ఎవరికి వేసుకుంటావో నీ ఇష్టం," అని పెట్టేసింది. పెట్టేశాక కోటు బొత్తాలు తప్పుగా పెట్టుకుని మళ్ళీ విప్పింది. ఆ కుర్చీ అంటే ఆమెకు ప్రాణం. కోర్టు పక్కన, గీతకు ఆరడుగుల దూరంలో, పంతొమ్మిదేళ్ళుగా ఆమె పేరు అంటించి ఉన్న కుర్చీ అది.

స్టేడియం కిక్కిరిసింది. టికెట్ దొరకని ఊరంతా చర్చి నేలమాళిగలో తెర కట్టుకుని కూర్చుంది. విలేఖరుల బల్ల దగ్గర మామూలు హెచ్చరిక వినిపించింది: ఇది పనిచేసే చోటు, చప్పట్లు, కేకలు నిషేధం, తప్పినవాళ్ళని బయటికి పంపుతాం. ప్రతి ఆటకీ చెప్పేదే అయినా మార్లిస్ పక్కనున్న హార్లన్ బ్రీవిక్ ప్రతిసారీ తల ఊపుతాడు. డెబ్భై దాటిన ఈ పెద్దమనిషి బ్రాంట్ ఊరి పత్రిక విలేఖరి, విలేఖరుల సంఘానికి అధ్యక్షుడు. ఒకసారి తుమ్మిన కొత్త విలేఖరిని, సరిగ్గా తోడేళ్ళు బుట్టలో బంతి వేసినప్పుడే తుమ్మావేమిటని సంజాయిషీ అడిగాడు.

ఆట మొదలైంది, కొంగల పరువు పోవడమూ మొదలైంది. ఇంకా ఎనిమిది నిమిషాలుందనగా పన్నెండు పాయింట్లు వెనకబడ్డాయి. ఈ పనిలో ఉన్నవాళ్ళందరిలాగే మార్లిస్ కూడా రెండు వార్తలు తయారుగా ఉంచుకుంటుంది. గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి. గంట మోగగానే అంకెలు సరిచూసి ఒకటి పంపడం, రెండోది చెరిపేయడం. అయితే ఆమెకు ఎవరికీ చెప్పని ఒక అలవాటు ఉంది. మొదట గుండెలో ఉన్నదంతా కంప్యూటర్లో కక్కేస్తుంది. తర్వాత అదంతా తుడిచేసి, కళ్ళు చూసింది మాత్రమే రాస్తుంది. తుడిచేసింది ఈ పంతొమ్మిదేళ్ళలో ఒక్క నరమానవుడూ చదవలేదు.

ఓడిన వార్త అలాగే మొదలుపెట్టింది. ఇవాళ్టితో కుర్చీ పోతుందన్న దిగులు కూడా తోడై చెయ్యి ఆగలేదు. "కొంగలు ఓడిపోయాయి. అయినా ఈ ఊరు ఇంతకంటే మంచి పిల్లల్ని కనలేదు. తెల్లవారుజామున నాలుగింటికి ఆవుల పాలు పితికి, ఎనిమిదింటికి క్లాసుకొచ్చి, సాయంత్రం ఈ చెక్కనేల మీద ఒళ్ళు హూనం చేసుకున్న ఐజాక్ ఓడెగార్డ్ తల వంచుకు వెళ్తుంటే, ఆ స్కోరు బోర్డే సిగ్గుతో ఆరిపోవాల్సింది. పంతొమ్మిదేళ్ళుగా వీళ్ళ పక్కన కూర్చున్నాను. నా చేతులు చప్పట్లు కొట్టలేదు గానీ, మిగిలిన నేనంతా కొడుతూనే ఉన్నాను." ఇలా ఒక పేజీన్నర.

తుడవబోతుండగా కొంగలు పుంజుకున్నాయి. తేడా తొమ్మిదైంది, ఆరైంది, మూడైంది. మార్లిస్ గబగబా గెలుపు వార్తలో పడింది. ఇది మాత్రం మంచుగడ్డ చేతి రాతే: "ఆల్డర్ గెలిచింది. ఇంత ఆలస్యంగా ఎందుకు గెలిచిందన్నదే ప్రశ్న. ఎవరూ అడ్డుపడని ఫ్రీ త్రోలు పద్నాలుగు వదిలేశారు. చేతిలో ఉన్న బంతిని ఇరవైసార్లు అవతలివాళ్ళకి అప్పజెప్పారు. కోచ్ రెండో సగంలో నిద్ర లేచారు."

ఇంక నాలుగు సెకన్లు. బ్రాంట్ డెబ్భై ఒకటి, ఆల్డర్ డెబ్భై. బంతి ఐజాక్ చేతిలో, అదీ ఇటు సగంలోనే, అవతలి బుట్టకు బోలెడు దూరంలో. అక్కడి నుంచి వేస్తే పడదని మార్లిస్‌కు తెలుసు, ఆమె ఉన్నదున్నట్టు చూసే మనిషి. ఓడిన వార్త తెర మీదికి తెచ్చి పెట్టింది, ఆ సొదంతా తుడిచి పంపడమే తరువాయి. ఐజాక్ విసిరాడు. గంట మోగింది. బంతి ఇనుప వలయం మీద ఒకసారి ఎగిరి, ఒకసారి ఆలోచించి, లోపల పడింది.

మార్లిస్ రెండు చేతులూ వాటంతటవే లేచాయి. అరచేతులు ఒకదానికొకటి జానెడు దూరంలోకి వచ్చేశాయి. హార్లన్ తల ఇటు తిరిగింది. పంతొమ్మిదేళ్ళ వ్రతం భంగమయ్యే క్షణంలో ఆమె ఆ చేతుల్ని బలవంతాన కిందికి గుంజింది. అవి దబ్బుమని కంప్యూటర్ మీటల మీద పడ్డాయి. చప్పట్లు ఆగాయి. వార్త వెళ్ళిపోయింది.

"ఓరి దేవుడా!" అంది మార్లిస్.

"గొంతు కొంచెం తగ్గించు అమ్మాయ్," అన్నాడు హార్లన్. "చేతులు మాత్రం బాగా ఆపుకున్నావు."

సరిగ్గా ఆ నాలుగు సెకన్ల ముందే చర్చిలో తెర మీద బొమ్మ ఆగిపోయింది. మంచుతుఫాను ఎక్కడో తీగ తెంపింది. ఐజాక్ బంతి పట్టుకుని రాయిలా నిలబడిపోయాడు, ఊరంతా అతని వంక చూస్తూ ఊపిరి బిగబట్టింది. స్టేడియంలో ఉన్నవాళ్ళకి ఫోన్లు చేస్తే ఒక్కటీ కలవలేదు, మూడువేల మంది ఒక్కసారే ఫోన్లు తీశారు మరి. అప్పుడు అందరి జేబుల్లోనూ ఒకేసారి ‘కొంగలగూడు’ మోగింది.

అర్లిన్ బెంచీ ఎక్కి పైకి చదివాడు. మొదటి వాక్యానికి అందరూ తలలు దించుకున్నారు. రెండో వాక్యానికి ఎత్తారు. ‘మిగిలిన నేనంతా కొడుతూనే ఉన్నాను’ దగ్గర అర్లిన్ చదవడం ఆపి ఆకుపచ్చ టోపీ తీశాడు. "ఇది నా పెళ్ళాం రాసింది," అన్నాడు, ఎవరో కాదన్నట్టు. ఐజాక్ తల్లి కరోల్, కొడుకు ఆడుతుంటే చూడలేక ఎప్పుడూ వంటింట్లోనే ఉండే మనిషి, గరిటె పట్టుకుని అలాగే కుర్చీలో కూలబడింది. అగ్నిమాపక దళం నాయకుడు గోర్డీ, గెలిస్తే సైరన్ మోగిస్తూ జట్టును తన ఎర్ర బండి మీద ఊరేగించాల్సినవాడు, వాకిట్లో అలంకరించి పెట్టిన బండిని వెనక్కి తీసుకెళ్ళి షెడ్డులో పెట్టి, కట్టిన తాళ్ళతో సహా దండలు పీకి, కళ్ళు తుడుచుకుంటూ తిరిగొచ్చాడు. గోడకున్న ‘జాతీయ పోటీకి జయం’ అన్న గుడ్డ మడతపెట్టేశారు. విజయం కోసం దాచిన రూబార్బ్ పైలు, అంటే పుల్లటి కాడలు కూరి కాల్చిన తీపి రొట్టెలు, ఓదార్పు కోసం కోయడం మొదలుపెట్టారు.

స్టేడియంలో మార్లిస్ వార్తను వెనక్కి లాగాలని చూస్తే, చదివేవాళ్ళ తాకిడికి పత్రిక పేజీ గిర్రున తిరుగుతోంది తప్ప తెరుచుకోవడం లేదు. విలేఖరుల బల్ల మీద తీగ ఉన్న పాత ఫోను ఒకటుంది. దాంతో చర్చి వంటింటికి చేసి డ్వేన్‌ని పిలిపించింది.

"డ్వేన్, ఆ వార్త తప్పు. వెంటనే తీసెయ్."

"మార్లిస్ గారూ!" డ్వేన్ ముక్కు చీదుతున్నాడు. "ఇంత గుండె ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ? ఇక్కడ కళ్ళు తడవనివాళ్ళు లేరు. ట్రెంట్ సంగతి మర్చిపోండి. మీ కుర్చీ మీదే!"

"అది కాదయ్యా! ఐజాక్ బంతి పడింది. మనం గెలిచాం!"

అవతల డ్వేన్ గొంతు మెత్తబడింది. "మీ నోట ‘మనం’ వచ్చిందంటేనే తెలుస్తోంది, ఎంత దెబ్బ తగిలిందో. కాసిని నీళ్ళు తాగండి. అక్కడే కూర్చోండి, ఎవరినైనా పంపిస్తాను," అని పెట్టేశాడు.

ఇక మాటలతో పని కాదని మార్లిస్ గెలుపు వార్త తీసి, దూరం నుంచి వేసిన బంతికి మూడు పాయింట్లు కలిపి డెబ్భై మూడు, డెబ్భై ఒకటి అని అంకెలు వేసి, పైన ‘ఇదే సరైనది’ అని రాసి పంపింది. హమ్మయ్య అనుకుంది. అలవాటు ప్రకారం కోచ్ మాటలు రాసుకోవడానికి వెళ్ళింది. ఆటగాళ్ళు నిచ్చెన వేసుకుని, గెలిచినవాళ్ళ హక్కుగా, వలయం నుంచి వల కత్తిరించుకుంటున్నారు. చూడకూడదని నిశ్చయించుకుని మరీ చూసింది.

చర్చిలో ఆ రెండో వార్త అగ్గి పుట్టించింది.

"పద్నాలుగు ఫ్రీ త్రోలు వదిలేశారట! కోచ్ నిద్ర లేచారట! గెలిస్తే ఎవడైనా ఇలా రాస్తాడా?" అన్నాడు గోర్డీ.

"ఇది బ్రాంట్ వాళ్ళ పనే," అన్నాడు డ్వేన్. "మన పిల్లలు ఏడుస్తుంటే గెలిచారని వెక్కిరిస్తున్నారు. పైగా ఆ అమ్మ పేరుతోనే!"

"కానీ ఇది మా ఆవిడ ధోరణిలాగే ఉంది కదా..." అని అర్లిన్ గొణిగాడు.

"ఇందాక ఆ మాటలు రాసిన చెయ్యి ఇది రాస్తుందా అర్లిన్? సిగ్గుండాలి!" అని నలుగురూ అతని మీద పడ్డారు. డ్వేన్ ఫోన్ తీసి, పత్రిక నెత్తిన, తన పేరుతో ప్రకటన తగిలించాడు: ‘రెండో వార్త శత్రువుల కుట్ర. నమ్మకండి. మొదటిదే నిజం.’ అది మాత్రం తిరగకుండా, ఆగకుండా, క్షణంలో ఊరంతా చేరింది. బ్రాంట్ ఊరికి కూడా చేరింది. అక్కడ పాపం, తుఫానుకి ఊరు కదలలేక ఇరుక్కున్న జనం చర్చి గంటలు మోగించేశారు.

అరగంటకు కొంగలు పన్నెండు మందీ కేకలు పెడుతూ మెట్లు దిగి వచ్చారు. లోపల కేకలు లేవు. అందరూ లేచి నిలబడి, చాలా గౌరవంగా, చాలా జాలిగా చూస్తున్నారు. గోర్డీ ముందుకొచ్చి కోచ్‌ని వాటేసుకుని, "పర్లేదండీ, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు," అన్నాడు. కోచ్ అయోమయంగా, "సిగ్గెందుకండీ?" అన్నాడు. "అదీ! అలా ఉండాలి మగాడంటే!" అని గోర్డీ వీపు తట్టాడు. ఇంకొకాయన ఐజాక్ చేతిలో పై ముక్క పెట్టి, "వచ్చే ఏడాది ఉందిగా బాబూ," అన్నాడు. ఐజాక్‌కి అది ఆఖరి ఏడాది. "అంటే... ఇవాళ్టిది లెక్కలోకి రాదా అంకుల్?" అన్నాడు నోట్లో పై ముక్కతో.

కరోల్ జనాన్ని తోసుకుంటూ వచ్చి కొడుకుని హత్తుకుంది. హత్తుకున్న చేతులకి గరుకుగా ఏదో తగిలింది. కొడుకు కోటు కాలరు పక్కకి లాగి చూసింది. మెడలో కత్తిరించిన వల.

"ఇది గెలిచినవాళ్ళు కదరా కోసుకునేది?"

"అవునమ్మా. మరి గెలిచాం కదా."

నోటి దాకా వెళ్ళిన పై ముక్కలు అక్కడే ఆగిపోయాయి. అంతలో మార్లిస్, హార్లన్ మంచు దులుపుకుంటూ దిగారు. బ్రాంట్ దారి మూసేశారని ముసలాయన కూడా భోజనానికి వచ్చాడు. మార్లిస్ గోడ వైపు చూసింది, మడతపెట్టిన గుడ్డ వైపు చూసింది, అందరి ఎర్రబడ్డ కళ్ళ వైపు చూసింది. సంగతి అర్థమైంది. బూడిదరంగు కోటు విప్పకుండానే మాట్లాడింది.

"తప్పు నాది. బంతి పడగానే నా చేతులు చప్పట్లు కొట్టబోయాయి. ఆపుకుంటే మీటల మీద పడ్డాయి. మీరు చదివింది నేను తుడిచేయాల్సిన రాత. పక్షపాతం లేదని పంతొమ్మిదేళ్ళు విర్రవీగాను, ఉందని ఇవాళ నా చేత్తో నేనే ఊరంతా చాటుకున్నాను. డ్వేన్, ఆ కుర్చీ ట్రెంట్‌కే ఇచ్చెయ్."

"చప్పట్లు కొట్టలేదు," అన్నాడు హార్లన్ గట్టిగా. అందరూ ఆ ఎర్ర మఫ్లరు మనిషి వంక తిరిగారు. "సంఘం అధ్యక్షుడిగా చెబుతున్నాను. జానెడు దూరంలో ఆపింది. నలభై ఏళ్ళలో ఇంత పెద్ద చప్పట్లు ఇంత నిశ్శబ్దంగా మింగిన విలేఖరిని నేను చూడలేదు. నా పక్కన కూర్చుంటుందని చెప్పుకోవడం నాకు గర్వంగా ఉంది."

డ్వేన్ గొంతు సవరించుకున్నాడు. "అయితే మార్లిస్ గారూ, ఇక నుంచి ఆ మొదటి వార్తలాగే రాసేయండి. చందాలు చూడండి ఎలా..."

"నోర్ముయ్ డ్వేన్!" గోర్డీ గొంతు సైరన్ కంటే పెద్దగా మోగింది. "ప్రేమగా రాసింది నమ్మి నేను బండి షెడ్డులో పెట్టాను. పదకొండేళ్ళకి ఒక్కసారి గెలిస్తే దండలు పీకేశాను! నిజం రాసిందాన్ని పట్టుకుని కుట్ర అన్నావు, నీ పేరుతో! నేను సైరన్ మోగించాలంటే నాకు స్కోరు కావాలి, కన్నీళ్ళు కాదు. తిట్టనీ, ఆవిడ మనల్ని తిట్టనీ. ఆవిడ ‘గెలిచారు’ అని రాస్తే గెలిచినట్టుండాలి."

"ఫ్రీ త్రోలు నిజంగానే వదిలేశాం," అని ఒప్పుకున్నాడు ఐజాక్. కోచ్ ఏదో అనబోయి, ఆలోచించి, పై ముక్క తిన్నాడు.

ఊరంతా డ్వేన్ వంక చూసింది. తన ప్రకటన తనే తొలగించడానికి డ్వేన్ ఫోన్ తీశాడు. "కుర్చీ మీదేనండీ," అన్నాడు తల దించుకుని. "ట్రెంట్‌కి నేను చెప్పుకుంటాను. టైమౌట్ల గురించి కూడా మీ ఇష్టం వచ్చినట్టు రాసుకోండి." గోర్డీ అప్పటికే మెట్లు రెండేసి ఎక్కుతూ షెడ్డు వైపు పరిగెత్తాడు. ఐదు నిమిషాలకు సైరన్ మోగింది. అప్పుడు లేచింది కేక, పైకప్పు మీది మంచు జారి వాకిట్లో పడింది.

ఆ గోలలో అర్లిన్ పెళ్ళాం పక్కన చేరాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఎప్పుడూ చూడనట్టు చూశాడు. "నాకు తెలీదు సుమా," అన్నాడు. "నువ్వు నాకంటే పెద్ద అభిమానివి."

"బయట అనకు," అంది మార్లిస్. కళ్ళు మాత్రం తుడుచుకోలేదు, తుడుచుకుంటే అందరూ చూస్తారని.

చర్చి ఆఫీసులోంచి కరోల్ వేడివేడిగా అచ్చయిన కాగితాలు పట్టుకొచ్చింది. తప్పుడు వార్త, పేజీన్నర. "మార్లిస్, పత్రికలోంచి తీసేయాలని నాకు తెలుసు. కానీ మా వాడి గురించి ఇంత మాట ఎవరూ రాయలేదు. ఒక్క కాపీ ఈ గోడ మీద ఉంచుకోనీ. తరతరాలు చదువుకుంటారు," అని బతిమాలింది. ఐజాక్ చెవులు ఎర్రబడ్డాయి. అందరూ ఉంచాలి, ఉంచాలి అని అరిచారు.

మార్లిస్ హార్లన్ దగ్గర కలం అడిగి తీసుకుంది. ‘కొంగలు ఓడిపోయాయి’ అన్నది కొట్టేసి, పైన డెబ్భై మూడు, డెబ్భై ఒకటి అని రాసింది, చేతిలో కలం ఉంది కదా అని పనిలో పనిగా పొగడ్తల్లో మూడు విశేషణాలు కూడా కొట్టేసింది.